తెలిసిన ఇంట్లో దొంగతనం: ఒక గేమ్ లెవెల్ కట్టిన అనుభవం

మా పిన్ని కొడుకు నేను కట్టిన లెవెల్‌ను మొదటిసారి ఆడి ముగించేసరికి రాత్రి పదకొండున్నర అయింది. కావలి నుంచి సెలవులకు వచ్చినవాడు, నెల్లూరులోని మా ఇంట్లో, నా కంప్యూటర్ ముందు గంటా ఇరవై నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చుని ఆడాడు. చివరి తలుపు దాటి వీధిలో పడగానే కుర్చీలో వెనక్కి వాలి, "శానా బాగుందన్నా" అన్నాడు. మళ్లీ ఆడతావా అని ఆశగా అడిగాను. "మళ్లా ఎందుకన్నా, ఏం యాడుందో తెలిసిపాయ గదా" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు మరో ఏడు నెలల పని పడింది.

తెలియనివారి కోసం కొంచెం వివరించాలి. లెవెల్ అంటే గేమ్‌లో ఒక విడి ఘట్టం, ఆడేవాడు తిరిగే చోటుతో సహా. నేను దాన్ని కట్టింది ద డార్క్ మోడ్ అనే ఉచిత గేమ్ కోసం. లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ రూపొందించగా 1998లో వచ్చిన థీఫ్ అనే గేమ్‌ను ప్రేమించినవారు కొందరు డూమ్ 3 అనే మరో గేమ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ (ఇంజన్) మీద దీన్ని తయారుచేసి 2009లో బయటపెట్టారు. 2013 నుంచి డూమ్ 3 అవసరం లేకుండా విడిగానే నడుస్తోంది. దీంట్లో ఆడేవాడు దొంగ. కత్తి ఉంటుంది గానీ ఎదురుపడి పోట్లాడితే సాధారణంగా చచ్చేది దొంగే. కాబట్టి చీకట్లో నక్కాలి, చప్పుడు కాకుండా నడవాలి, దీపాలు ఆర్పాలి, తాళాలు తీయాలి. తెర అడుగున ఉండే చిన్న రత్నం మనం ఎంత వెలుగులో ఉన్నామో చెబుతుంది. ఆడే ఇళ్లూ కోటలూ వీధులూ చాలావరకు అభిమానులు కట్టినవే, వాటిని కట్టడానికి డార్క్‌రేడియంట్ అనే ఎడిటర్ ఉంది. పగలు ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూసుకునే నేను, రాత్రిళ్లు భోజనం తరవాత దాన్ని తెరిచి గోడలు కట్టుకుంటూ కూర్చునేవాణ్ణి.

అందరూ కట్టే రాతికోటలు కాకుండా నాకు తెలిసిన ఇల్లు కట్టాలనిపించింది. కందుకూరు వైపు ఒక పల్లెలో మా అమ్మ పుట్టిల్లు మండువా లోగిలి. పడగొట్టి చాలా ఏళ్లయింది కాబట్టి అమ్మ చెప్పిన గుర్తుల మీద, ఆమె పాత క్యాలెండరు వెనక గీసి ఇచ్చిన పటం మీద ఆధారపడ్డాను. వీధివైపు రెండు అరుగులు, లోపల ఆకాశానికి తెరుచుకున్న మండువా, దాని చుట్టూ నాలుగువైపులా వసారా, ఎడమ పక్కన ధాన్యపు గది, కుడి పక్కన పడకగదులు, వెనక వంటిల్లు, ఆ వెనక దొడ్డి, దొడ్డిలో గిలక బావి, గడ్డివామి, గొడ్లకొట్టం. కాలం 1930 ప్రాంతం అనుకున్నాను. ఇంటి యజమాని ధాన్యం వ్యాపారి, అప్పులిచ్చేవాడు. అతని ఇనప్పెట్టెలో రైతుల ప్రోనోట్లున్నాయి, వాటిలో ఒకటి దొంగ ప్రోనోటు. దొంగ వచ్చింది దానికోసం.

మండువా ఇల్లు ఈ ఆటకోసమే పుట్టిందా అనిపించేంత అనువైనది. వసారా నాలుగు పక్కలా తిరిగి వస్తుంది కాబట్టి ఎటు పారిపోయినా దారి మూసుకుపోదు. మండువాలో వెన్నెల పడుతుంది, స్తంభాల వెనక నీడ నిలుస్తుంది. నేల కూడా ఆటలో భాగమే. ఎడిటర్‌లో నేలకు ఏ పదార్థమని నిర్ణయిస్తామో దాన్నిబట్టి అడుగు చప్పుడు మారుతుంది కాబట్టి, వసారాలో కడప బండలు టకటకమంటాయి, గదుల్లో పేడతో అలికిన మట్టినేల అడుగును మింగేస్తుంది.

ఇంత మంచి ఇల్లు చేతిలో పెట్టుకుని నేను మొదట చేసిన పని దాన్ని మనుషులతో నింపడం. తొమ్మిది మంది కావలివాళ్లతో మొదలుపెట్టాను. ఆడి చూసుకుంటే నాకే సులువుగా ఉంది. కట్టినవాడికి తన లెవెల్ ఎప్పుడూ సులువుగానే ఉంటుందన్న జ్ఞానం అప్పటికి లేక, పద్నాలుగు మందిని చేశాను. ధాన్యపు గదికి ఉన్న రెండో తలుపు మూసేశాను. దొడ్డి తలుపుకు లోపలినుంచి గడియ పెట్టాను. ఇప్పుడు కష్టంగా ఉందని సంతోషించాను. తమ్ముడు గంటా ఇరవై నిమిషాలు ఆడింది ఈ రూపాన్నే.

తరవాతి నెలలో ఒంగోలు నుంచి మా బావ వచ్చినప్పుడు ఆయన చేత ఆడించాను. ఈసారి వెనక కుర్చీ వేసుకుని, నోరు మెదపకూడదని ఒట్టు పెట్టుకుని, నోటుబుక్కులో రాసుకుంటూ కూర్చున్నాను. ఎదుటివాడు తప్పు గదిలోకి పోతున్నప్పుడు మాట్లాడకుండా ఉండడం ఎంత కష్టమో, లెవెల్ కట్టడం కంటే అదే పెద్ద తపస్సు. ఆ రాత్రి బావ గేమ్‌ను అరవై మూడు సార్లు సేవ్ చేశారు. నాలుగడుగులు వేయడం, సేవ్ చేయడం, కావలివాడు చూస్తే వెంటనే పాత సేవ్‌కు పోవడం, మళ్లీ నాలుగడుగులు. ముప్పై మూడో సేవ్ దగ్గర నాకు విషయం అర్థం కావడం మొదలైంది. ఆయన నా ఇంట్లో దొంగతనం చేయడం లేదు, సేవ్ బటన్‌తో గోడ తవ్వుతున్నారు. పద్నాలుగు మందిని పెట్టి నేను పెంచింది ఓర్పుకు పరీక్షే తప్ప తెలివికి కాదు. దొరికిపోతే బతికే దారి ఏదీ ఉంచలేదు కనుక ఆయనకు మరో మార్గమూ లేదు.

నోటుబుక్కు ముందేసుకుని ఆలోచిస్తే తమ్ముడి మాటా, బావ సేవ్‌లూ ఒకే జబ్బుకు రెండు లక్షణాలుగా కనిపించాయి. ఒక లెవెల్‌లో కష్టం రెండు చోట్లనుంచి వస్తుంది. తాళంచెవి ఎక్కడుందో, ఆ మూల దాటితే ఎవరున్నారో తెలియకపోవడం వల్ల వచ్చేది ఒకటి. అన్నీ తెలిసినా, ఆ క్షణాన ఎటు పోవాలి, ఉన్న సరంజామాలో ఏది ఖర్చు పెట్టాలి అని తేల్చుకోవలసి రావడం వల్ల వచ్చేది మరొకటి. మొదటి రకం ఒక్కసారి ఆడగానే ఖర్చయిపోతుంది, రెండోది ఎన్నిసార్లు ఆడినా మిగిలే ఉంటుంది. నా లెవెల్‌లో ఉన్నదంతా మొదటి రకమే. కష్టం ఎంత పెంచాలి, మళ్లీ ఆడించడం ఎలా అని నేను రెండు వేరువేరు ప్రశ్నలుగా రాసుకున్నవి నిజానికి ఒక్కటే ప్రశ్న.

గుడి మండపాల్లో, రచ్చబండల మీద చెక్కిన పులిజూదం పటాలను మనం చూస్తూనే ఉంటాం. మూడు పులులు, పదిహేను మేకలు; దాచిపెట్టినదంటూ ఆ పటం మీద ఏమీ లేదు. అయినా తాతలు ఆడిన బండ మీదే మనవలూ ఆడారు. అయితే అక్కడ ఎదుట మనిషి ఉన్నాడు, నా ఇంట్లో ఎదుట ఉన్నవి గీసిన గీత మీద నడిచే బొమ్మలు. ఈ తేడాను తక్కువ అంచనా వేయడం వల్ల నేను తరవాతి రెండు నెలలు దారి తప్పాను.

బొమ్మలు ఎప్పుడూ ఒకేలా నడుస్తున్నాయి కదా, అన్నీ కలగాపులగం చేస్తే సరిపోతుందనుకున్నాను. ఇనప్పెట్టె తాళంచెవిని ఆట మొదలైనప్పుడు ఐదు చోట్లలో ఏదో ఒకచోట పడేసేలా చిన్న స్క్రిప్టు, అంటే గేమ్‌కు ఆదేశాలిచ్చే నాలుగు వరుసల కోడ్, రాశాను. కావలివాళ్లు నడిచే దారిలో ఒక మజిలీకి రెండు మూడు తరవాతి మజిలీలు కలిపితే వాళ్లు తమంతట తామే ఏదో ఒకటి ఎంచుకుంటారు. ఆ సౌకర్యాన్ని ఇల్లంతా వాడేశాను. పండక్కి వచ్చిన బావను మళ్లీ కూర్చోబెట్టాను. ఆయన ఖర్మకొద్దీ ఆసారి తాళంచెవి ధాన్యపు బస్తాల మధ్య పడింది. యాభై నిమిషాలు వెతికి, "ఇది దొంగతనం కాదబ్బాయ్, మా ఇంట్లో బండి తాళంచెవి పోయినప్పుడు పడే పాట్లు" అని లేచిపోయారు. కావలివాళ్ల సంగతి ఇంకా అన్యాయం. ఎవడు ఎప్పుడు ఎటు తిరుగుతాడో అంచనా లేకపోతే స్తంభం చాటున నిలబడి గమనించడానికి అర్థమే లేదు, గమనించడంలో అర్థం లేనప్పుడు ఈ ఆటే లేదు.

దీనికి పరిష్కారం నాకు వంటింట్లో దొరికింది. మా అమ్మమ్మ తాళంచెవులు ఎక్కడ పెట్టేదని అమ్మను అడిగితే, "బొడ్లోనే. ఆ గుత్తి ఆమె దగ్గరుంటే ధాన్యపు గది ముందరే మంచం. గుమాస్తాకు ఇచ్చిందంటే ఆ రాత్రి లోపల పడుకునేది" అంది. అంటే ఆ ఇంట్లో తాళంచెవి ఎక్కడుందో వీధిలో పోయేవాడికి కూడా తెలిసే గుర్తులున్నాయి! ఐదు చోట్లను మూడు చేశాను. గుత్తి అమ్మమ్మ బొడ్లో ఉన్న రాత్రి ఆమె నులకమంచం ధాన్యపు గది ముందు ఉంటుంది. గుమాస్తా దగ్గరుంటే అతని చెప్పులూ గొడుగూ వీధి అరుగు మీద కనిపిస్తాయి. దేవుడి గదిలో ఉంటే ఆ గది కిటికీలోంచి దీపం వెలుగు దొడ్డిలోకి పడుతుంది. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చినవాడికి లోపల కాలుపెట్టకముందే ఆ రాత్రి ఎలాంటిదో తెలిసిపోతుంది. తెలిసిపోయినా పని తేలిక కాదు: నిద్రపోతున్న ముసలావిడ బొడ్లోంచి గుత్తి లాగడం, మేలుకుని లెక్కలు రాస్తున్న గుమాస్తాను కదిలించడం, ఇల్లంతా దాటి దేవుడి గదికి చేరడం మూడు వేరువేరు దొంగతనాలు. మూడు రాత్రులకూ ఇల్లు ఒక్కటే.

కావలివాళ్ల దారులను మాత్రం ఖాయం చేసేశాను. అక్కడ నా ఉద్యోగపు లెక్కలు పనికొచ్చాయి. మొదట వసారాలో తిరిగేవాడి చుట్టు 40 సెకన్లు, దొడ్డిలోంచి వచ్చేవాడి చుట్టు 60 సెకన్లు ఉండేవి. కాబట్టి ప్రతి 120 సెకన్లకు ఇద్దరూ సరిగ్గా మొదటి స్థితికే వచ్చేవారు. రెండు నిమిషాలు చూసినవాడికి ఆ ఇల్లు కంఠతా వచ్చేసేది. అక్కడక్కడా నిలబడే సమయాన్ని సవరించి వాటిని 47, 61 చేశాను. రెండూ ప్రధాన సంఖ్యలే కనుక ఇద్దరి స్థితి మళ్లీ అచ్చంగా కలవడానికి 2,867 సెకన్లు, అంటే దాదాపు 48 నిమిషాలు పడుతుంది. తలుపు దగ్గర ఒకరికొకరు అడ్డం పడితేనో, చప్పుడు విని ఆగితేనో ఈ లెక్క చెడిపోతుందనుకోండి, చెడిపోయినా నాకు లాభమే. ఒక్కొక్కణ్ణి విడిగా చూస్తే వాడి నడక స్పష్టంగా తెలుస్తుంది, ఇద్దరూ కలిసి చేసే సందు మాత్రం ప్రతిసారీ కొత్తగా ఉంటుంది. ఈ సవరణకు పట్టింది ఒక సాయంత్రమే. ఏడు నెలల్లో దీనంత ఫలితమిచ్చిన పని ఇంకొకటి లేదు.

ఇక ఆడేవాడు ఎంచుకునే సులువు, మధ్యస్థం, కఠినం అనే మూడు స్థాయులు. ఈ గేమ్‌లో కావలివాళ్ల చూపూ వినికిడీ ఎంత చురుగ్గా ఉండాలో ఆడేవాడు మెనూలోనే మార్చుకోవచ్చు కాబట్టి, నేను మళ్లీ వాటిని ముట్టుకోవడం అనవసరం. మనుషుల సంఖ్యను కూడా పెంచలేదు. పద్నాలుగు మందిని ఎనిమిదికి దించి మూడు స్థాయుల్లోనూ ఎనిమిదే ఉంచాను. ఇద్దరి స్థానాలు మాత్రం మారతాయి. మార్చింది ముఖ్యంగా వెలుగును. దీపాలు ఆర్పడానికి ఈ గేమ్‌లో నీటి బాణాలుంటాయి. సులువు స్థాయిలో పన్నెండు, మధ్యస్థంలో ఎనిమిది, కఠినంలో నాలుగు ఇచ్చాను. కఠిన స్థాయిలో వసారా రెండు మూలల్లో నూనె దీపాలకు బదులు ఆర్పడానికి వీలులేని పెట్రోమాక్స్ లైట్లు వేలాడతాయి. నాలుగు బాణాలతో ఏ నాలుగు దీపాలు ఆర్పాలన్నది ఎన్నోసారి ఆడినా ఆలోచించవలసిన ప్రశ్నే, పైగా తాళంచెవి ఎక్కడుందన్నదాన్నిబట్టి జవాబు మారుతుంది.

ఒక చిన్న పిడకల వేట. దండి సంస్కృతంలో రాసిన దశకుమార కథల్లో అపహారవర్మ దొంగతనానికి బయలుదేరుతూ వెంట తీసుకుపోయే సామగ్రిలో కన్నపు పనిముట్లూ, తాడూ, మనిషి తల బొమ్మతో పాటు దీపాలార్పే తుమ్మెదల పెట్టె కూడా ఉంది. ఆ కథలను 13వ శతాబ్దంలో తెలుగు చేసిన కేతన తన కావ్యాన్ని మన నెల్లూరి తిక్కనకే అంకితమిచ్చాడు. ఇంత దగ్గరి సంబంధం ఉన్నాక నీటి బాణాల బదులు తుమ్మెదల పెట్టెలే పెడదామని వారం రోజులు తంటాలు పడ్డాను గానీ, తుమ్మెదల గుంపు ఎగిరి పోయినట్టు చూపించడం నా శక్తికి మించిన పనై వదిలేశాను. ఆ కోరిక ఇంకా తీరలేదు.

స్థాయికో లక్ష్యం పెట్టడంలో థీఫ్ చూపిన దారినే పట్టాను. అందులో పై స్థాయులకు పోయేకొద్దీ తేవలసిన సొమ్ము పెరిగేది, మనుషులను చంపకూడదన్న షరతు వచ్చేది. నా సులువు స్థాయిలో దొంగ ప్రోనోటు తెచ్చి బయటపడితే చాలు. మధ్యస్థంలో ఎవరినీ చంపకూడదు, కొంత వెండి సామాను కూడా తేవాలి. కఠినంలో సొమ్ము షరతు అసలు లేదు. ఆ ఒక్క ప్రోనోటు తీసి, పెట్టెకు మళ్లీ తాళం వేసి, గుత్తిని తీసిన చోటే పెట్టి, ఎవరినీ స్పృహ తప్పించకుండా వచ్చిన దారిన పోవాలి. తీయడం కంటే తిరిగి పెట్టడం ఎంత కష్టమో ఆడినవాళ్లకే తెలుస్తుంది. వచ్చేటప్పుడు ఆర్పిన దీపాన్ని చూసి కావలివాడు అనుమానపడి మళ్లీ వెలిగించి ఉంటాడు, మీ దగ్గర బాణాలు అయిపోయి ఉంటాయి. వచ్చేటప్పుడు చేసిన దుబారా అంతా పోయేటప్పుడు ఎదురొస్తుంది.

బావ సేవ్‌ల జబ్బుకు మందు వేరే. దొరికిపోవడమంటే ఆట అయిపోవడం కాకూడదు. మూసేసిన తలుపులన్నీ తెరిచాను. ఏ గదికైనా కనీసం రెండు దారులుండాలని నియమం పెట్టుకుని, ధాన్యపు గది పైనుంచి వంటింటి అటక మీదికి ఒక మనిషి దూరేంత సందు తీశాను. ఆ సందు తీసిన రాత్రి గోడ సరిగ్గా అతకక, మ్యాప్ లీక్ అవుతోందంటూ కంపైల్ (కట్టినదాన్ని ఆడే రూపంలోకి మార్చే పని) ఆగిపోయింది. వెంట్రుకవాసి ఖాళీ ఎక్కడుందో కనిపెట్టేసరికి తెల్లవారి పాలవాడు వచ్చాడు. గడ్డివామి వెనకా, గొడ్లకొట్టంలో గాడి పక్కనా గాఢమైన చీకటి ఉంచాను. ఈ గేమ్‌లో కావలివాడు ఒక్కసారిగా మీద పడడు. ముందు చెవి రిక్కిస్తాడు, తరవాత వెతుకుతాడు, దొరక్కపోతే కొంతసేపటికి సణుక్కుంటూ పనిలోకి పోతాడు. ఆ కొంతసేపు దాక్కోవడానికి చోటుంటే దొరికిపోవడం కూడా కథలో భాగమవుతుంది. ఈ రూపాన్ని ఆడినప్పుడు బావ పదకొండుసార్లే సేవ్ చేశారు. గొడ్లకొట్టంలో ఆవు పక్కన నక్కి ఆయన నవ్విన నవ్వు కోసం నేను ఇంకో ఏడు నెలలైనా పనిచేసేవాణ్ణి.

తమ్ముడు మాత్రం నన్ను వదల్లేదు. వేసవి సెలవుల్లో లెవెల్‌ను కావలికి తీసుకుపోయి, వారం తరవాత ఫోన్ చేసి, "అన్నా, బాయి మీదినించి ఎక్కొచ్చు, ఎరికేనా?" అన్నాడు. నాకు ఎరిక లేదు. బావి గిలక వేలాడే దూలం కర్రది. ఈ గేమ్‌లో తాడు బాణం కర్రకు దిగుతుంది. వాడు దూలానికి తాడు బాణం కొట్టి, తాడు పట్టి ఊగి వంటింటి కప్పు మీదికి దూకి, పెంకుల మీద పాక్కుంటూ పోయి, నేను అంత ముచ్చటగా ఆకాశానికి తెరిచి పెట్టిన మండువాలోంచి నేరుగా నట్టింట దిగాడు. కావలివాళ్లలో ఆరుగురిని చూడనే లేదు. మొదట నాకు కోపం వచ్చింది. దూలాన్ని ఇనుముగా మారిస్తే ఒక్క నిమిషంలో ఆ దారి మూసుకుపోతుంది. ఎడిటర్ తెరిచి దూలాన్ని ఎంచుకుని కూడా చాలాసేపు అలాగే కూర్చున్నాను. నేను పెట్టిన తలుపులన్నీ వదిలి వాడు తన దారి తాను తవ్వుకున్నాడంటే, వారంలో ఆ ఇంట్లోకి ఎన్నిసార్లు పోయి ఉంటాడు? అడిగితే ఏడుసార్లు అన్నాడు. దూలాన్ని కర్రగానే ఉంచాను. కప్పు పెంకులను మాత్రం గట్టిగా చప్పుడయ్యేలా చేసి, కఠిన స్థాయిలో సరిగ్గా ఆ చూరు కింద నిద్ర పట్టని గుమాస్తాను కూర్చోబెట్టాను. వాడు తిట్టుకుంటూ పెంకుల మీద అడుగు చప్పుడు మింగే నాచు బాణాలు పరిచి మళ్లీ అదే దారిన దిగాడు.

చివరి కంపైల్ అయ్యాక కఠిన స్థాయిని నేనే ఒక ఆదివారం మొదటినుంచి చివరిదాకా ఆడాను. గుత్తి అమ్మమ్మ బొడ్లో ఉన్న రాత్రి వచ్చింది. ప్రోనోటు తీశాను, పెట్టెకు తాళం వేశాను, ఒక బాణం మిగిలింది. గుత్తి తిరిగి పెట్టడానికి మంచం వైపు పోతుంటే, నేనే 47, 61 అని లెక్క కట్టి వదిలిన ఇద్దరూ నేనెప్పుడూ చూడని తీరులో వసారా మూలమీద ఒకేసారి తిరిగారు. ఒకడు ఆగి నావైపు చూశాడు. వేలు అలవాటుగా పాత సేవ్ బటన్ మీదికి పోయింది, నొక్కలేదు. దొడ్డిలోకి పరుగెత్తి, గడ్డివామి వెనక గుత్తి పట్టుకుని, వాళ్లు లాంతరుతో గొడ్లకొట్టం గాలిస్తుంటే వింటూ కూర్చున్నాను. అమ్మ వెనకనుంచి వచ్చి తెర వంక చూసి, "బావి ఇంకొంచెం ఎడమకుండాల" అంది.